పదమూడో గల్లీ తాడ్పత్రి

ల్యాబ్‌లో చేరిన మొదటి రోజే ఆ పిల్ల అందరి ముందూ తల ఎత్తి చెప్పింది. "లావణ్య. కామాటిపుర, పదకొండో గల్లీ."

గదిలో అందరూ కాఫీ కప్పుల్లోకి చూసుకున్నారు. మా ల్యాబ్‌లోనే పనిచేసే మంగేష్ గాడైతే దగ్గు నటించాడు. తర్వాత నా వంతు.

"శైలేష్. గ్రాంట్ రోడ్."

పచ్చి అబద్ధం. నేనుండేది పదమూడో గల్లీలో. ఎవరైనా అడిగితే దగ్గర్లోని రైల్వే స్టేషన్ పేరు చెప్పమని చిన్నప్పుడే మా అమ్మ కిష్టమ్మ నేర్పింది. ముంబైలో కామాటిపుర అనగానే జనం సానివాడనే ఊహించుకుంటారని ఆమెకు తెలుసు.

లోహాలు ఎలా వంగుతాయో కంప్యూటర్‌లో లెక్కగట్టడం మా పని. నా మోడల్‌లో రాగి అణువులన్నీ తిన్నగా, వరస తప్పకుండా ఉన్నాయి. దాన్ని వంచాలంటే అసలు రాగికి కావాల్సిన దానికంటే వందల రెట్లు బలం కావాలని వచ్చింది. లావణ్య నా స్క్రీన్‌లోకి తొంగి చూసి పకపకా నవ్వింది.

"ఏంది నవ్వుతున్నవ్?" నాకు ఒళ్లు మండింది.

"గింత సాఫ్ రాగి యాడ దొరుకుతది? ఒక్క డిస్‌లొకేషన్ సుత పెట్టకపోతివి! వానలకు ముందు రేకుల మీద తాడ్పత్రి, గా ప్లాస్టిక్ పట్టా, ఎట్ల జరుపుతరో ఎరుకేనా?"

"దాంట్ల ఏమున్నది? మొత్తం గుంజితె కదలదు. ఈ కొసకు ముడత లేపి, ఆ ముడతనే అటు కొసదాక నూకుకుంట పోవాలె."

"గంతే! అణువుల వరస గూడ గట్లనే జరుగుతది. ఆ ముడతే డిస్‌లొకేషన్." చటుక్కున ఆగి కళ్లు చిట్లించింది. "అవ్ గానీ, గ్రాంట్ రోడ్ ఫ్లాట్ల మీద రేకులు ఎప్పుడేసిండ్రు?"

నేను కీబోర్డు మీదికి వంగాను.

"ఏ గల్లీ?"

"పదమూడు."

"థూ! మన తాతలు తెలంగాణ కెల్లి వచ్చి రాళ్లు మోస్తెనే గద ఈ ముంబై లేసింది. నీకు సిగ్గా? నలుగుర్ల నీ అడ్రస్ చెప్పేదాక నాతోని మాట్లాడకు."

మూడు వారాలు నిజంగానే మాట్లాడలేదు. డిస్‌లొకేషన్లు పెట్టేసరికి నా లెక్క అసలు రాగికి దగ్గరగా వచ్చింది. సంబరంగా వెనక్కి తిరిగితే లావణ్య ముఖం తిప్పుకుంది. ఆ పిల్ల తిట్టకపోతే నాకు అన్నం సయించదని అప్పుడు తెలిసింది.

సెమినార్ రోజు హాలు నిండిపోయింది. చివరి వరసలో లావణ్య. మొదటి స్లైడ్‌లో రేకుల కప్పు, దాని మీద నీలం తాడ్పత్రి, మధ్యలో ముడత.

"డిస్‌లొకేషన్ కదిలేది ఇలాగే. ఇది మేముండే చాల్, వరస గదుల ఇల్లు. కామాటిపుర, పదమూడో గల్లీ. మా తాత లస్మయ్య కట్టాడు."

మంగేష్ కిసుక్కుమన్నాడు. నేను నేరుగా వాడి వంక చూశాను.

"నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేయండి. తర్వాత వచ్చే సమీకరణాలు నవ్వనివ్వవు."

ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. సాయంత్రం గ్రాంట్ రోడ్‌లో రైలు దిగేసరికి జోరువాన. లావణ్య తన గొడుగు సగం నా మీదికి జరిపింది.

"లావణ్యా, నువ్వంటే నాకు పానం. పెండ్లి చేసుకుందమా?"

"ఇన్నొద్దులు ఈ మాట యాడ దాచినవ్?"

"అడ్రస్ దాచిన కాడనే."

ఈసారి నన్ను చూసే నవ్వింది. "మా అమ్మ రాజవ్వ పొద్దుగాల ఐదున్నరకు నల్లా కాడ ఉంటది. మీ అమ్మను తోలు."

రెండు బిందెలు నిండేలోపు మా అమ్మ సంబంధం ఖాయం చేసుకొచ్చింది. శుభలేఖ రాయిస్తుంటే దాదర్ నుంచి మా మేనమామ బుచ్చన్న ఫోన్ చేశాడు. "అక్కా, కార్డు మీద గ్రాంట్ రోడ్ అని ఏయించు. నలుగురు చూస్తరు."

మా అమ్మ నా వంక చూసింది. నాకు ఆ అబద్ధం నేర్పిన మనిషి. ఫోన్ గట్టిగా చెవికి ఆనించుకుంది.

"కామాటిపుర అనే ఏయిస్త తమ్మీ, పెద్ద అక్షరాలల్ల. సిగ్గనిపిస్తే రాకు."