పూజగది గడప దగ్గరి చీటీలు

వాక్కులకు తల్లియైన శారదాదేవికి నమస్కరించి, ఏ భాష చెవిన పడినా అది ఆమె పలుకేనని తలచే మనసును ప్రసాదించమని వేడుకొని, ఈ కథ ఆరంభం.

పోతిరెడ్డిపల్లిలో విశ్రాంత తెలుగు పండితులు కామేశ్వరరావుగారు ఆ ఉదయం పూజకు కూర్చున్నారు. కుమారుడు శ్రావణ్‌కుమార్ మొదటి షిఫ్టుకు వెళ్లిపోయాడు. ధ్యానశ్లోకం అందుకొనేలోగా వంటింట్లో నుంచి కోడలు శ్రీవాణి గొంతు వినిపించింది. రాగం తాను మనుమరాలు నిషితకు శ్లోకాలు వల్లె వేయించే రాగమే. మాటలు మాత్రం వేరు.

“బ్రేక్ ది ఐస్... బిడియం విడిచి మాట కలుపుట. బ్రేక్ ది ఐస్, అండర్ ది వెదర్... ఒంట్లో నలతగా ఉండుట.”

ఆయన లేచి వెళ్లారు. గోడ నిండా ఇంగ్లీషు జాతీయాలు రాసి, అన్నం మెతుకులతో అంటించిన చీటీలు. ఒకటి పూజగది ద్వారబంధానికి కూడా ఉంది. చీటీలన్నీ పీకి, ఉండచుట్టి నేలమీద పడవేశారు.

“ఏందమ్మా ఇది? దేవుని రాగం ఇంగ్లీషు ముచ్చట్లకు కట్టినవా? పూజగది దర్వాజకు అన్నం మెతుకా? ఈ ఇంట్ల మడి లేదా ఇగ?”

“దర్వాజ మీదిది నిషిత అంటించింది మామయ్యా. అయినా తప్పు నాదే.” శ్రీవాణి పొయ్యి ఆపింది. “పదకొండుకు ఇంటర్వ్యూ ఉంది. ఇంకా ఇరవై యాదికి వస్తలేవు.”

“మందుల కంపెనీల ఎనిమిదేండ్ల నుంచి చేస్తున్నవు. పని నీకు వచ్చు గదా. ఈ తిప్పలెందుకు?”

“పోయినేడు నేను గూడ గట్లనే అనుకున్న. షిఫ్ట్ ఇన్‌చార్జి పోస్టుకు పిలిస్తే పోయిన. పెద్దసారు ‘యు హ్యావ్ బిగ్ షూస్ టు ఫిల్’ అన్నడు. గొప్పగ చేసినోళ్ల జాగల నిలబడాలె అని అర్థమట. నాకేం తెలుసు? వంగి నా చెప్పులు చూసుకున్న. అందరు నవ్విండ్రు మామయ్యా. ఈసారి గూడ ఆ పోస్టు రాకపోతే నాకు రాత్రి షిఫ్టులే. బిడ్డ పండుకునే యాళ్లకు నేను ఇంట్ల ఉండ.”

నిషిత నేలమీది ఉండలు ఏరుతూ అన్నది:

“తాతయ్యా, పుస్తకం చూసి చదివితే అమ్మకు వస్తలేదట. నువ్వు నాకు చెప్పేది చపాతీలు చేసుకుంట విన్నదట. కొత్తది కలిపినప్పుడల్లా మొదటి నుంచి చెప్పాలె అన్నవు గదా. గట్లనే చదువుతుంది.”

ముప్పై అయిదేండ్లు బడిలో ఎందరిచేతనో ఆ పద్ధతిలోనే అప్పజెప్పించుకొన్నారాయన. పిలవకుండానే నేర్చుకొన్న శిష్యురాలు తన వంటింట్లోనే ఉన్నది. ఆమె పాఠాన్ని తన చేతులే నలిపివేశాయి.

ఆయన గడప దగ్గర చతికిలబడి, ఒక్కొక్క చీటీని తొడమీద పరచి సాపుచేశారు.

“కూర్చో అమ్మా. నేను అందిస్త, నువ్వు అర్థం చెప్పు.”

రాగమెత్తి అందించసాగారు. నాలుగో చీటీకే నిషిత కిసుక్కున నవ్వింది.

“తాతయ్యా, నువ్వు ఇంగ్లీషును గూడ సంధి చేసి చదువుతున్నవు.”

శ్రీవాణి కూడా నవ్వింది. మరలా మొదటినుంచి అందుకొన్నారు. చివరి చీటీ వచ్చింది.

“ఈట్ వన్స్ వర్డ్స్.”

“అన్న మాట తప్పని ఒప్పుకొని వెనక్కి తీసుకొనుట.”

ఆయన ఆ చీటీని వెంటనే కింద పెట్టలేదు.

“దీనికి ఉదాహరణ రాసుకోలేదేందమ్మా?”

“దొరకలే మామయ్యా.”

“నా పేరు పెట్టి రాసుకో.”

ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకొన్నది. వీధి చివర కంపెనీ బస్సు హారన్ మోగింది. శ్రీవాణి వంగి ఆయన పాదాలంటి బయలుదేరింది. కామేశ్వరరావుగారు పూజగదిలోకి వెళ్లి, గంధపు గిన్నెలో వేలు ముంచి, ఆ చివరి చీటీని గంధంతో ద్వారబంధానికి తామే అంటించారు.

ఈ కథ విన్నవారి ఇండ్లలో నేర్చుకొనే ప్రతి గొంతుకూ వాగ్దేవి తోడుండుగాక. కఠినమాట పలికిన పెద్దలకు దాన్ని వెనక్కి తీసుకొనే ధైర్యం కలుగుగాక. సర్వులకూ శుభమగుగాక.