జిన్నింగు మిల్లులో ‘మల్ల!’

భైంసా దాటి నిర్మల్ తోవ పట్టగానే మూతబడ్డ పత్తి జిన్నింగు మిల్లు ఒకటి ఉండేది. పొద్దుగూకితే ఆ పక్కకు కుక్క కూడా పోయేది కాదని చెప్పుకుంటారు. తప్పక పోవాల్సొచ్చినవాళ్లు తిరిగొచ్చి చెప్పే మాట ఒక్కటే. చేతిలో కందీలు వెలుగుతున్నా, నోట్లో కూనిరాగం ఉన్నా... లోపలి చీకట్లోంచి ఒక మగగొంతు గద్దిస్తుంది —

"మల్ల!"

అంతే. ఇంకో మాట లేదు.

ఆ గొంతు ఎవరిదో ఊరందరికీ తెలుసు. నెల కింద పోయిన రికార్డు తోమాసుది.

తోమాసు, రేడియోవాళ్లు పిలిచి కొలువిస్తామంటే వద్దన్న మనిషి. "ఆడ గడియారం జూసి పాట ఆపుతరు. నాతోని గాదు" అన్నాడట. ఈ మిల్లునే అడ్డా చేసుకుని, గోడల నిండా గోనెసంచులు కొట్టి, జర్మనీ టేపు మిషను ముందర కూర్చుని, జైనూరు గుట్టల నుంచి పెద్దపల్లి పొలాల దాకా దొరికిన పాటనల్లా పట్టాడు. ఆయన మైకు ముందర నిలబడ్డవాడే పాటగాడు, మిగతావాళ్లది ఉత్త అరుపు అన్నంత పేరు. కానీ ఎంత బాగా పాడినా చెవుల మీది డబ్బాలు తీయకుండా "మల్ల!" అనేవాడు. మళ్లీ పాడమని. బాగుందన్న మాట ఆయన నోట విన్నవాడు పుట్టలేదు.

అది టేపేమోనని తెలివిగలవాళ్లు అనకపోలేదు. టేపు ఎక్కడిది? సమాధి మీద తడి ఆరకముందే ఆయన తమ్ముడు మిషనునూ టేపులనూ బండికెత్తాడు. బ్యాటరీలు కూడా వదల్లేదు. ఇక మిగిలింది దెయ్యమే.

ఈ ముచ్చట వచ్చినప్పుడల్లా పత్తి ఏరే ఐలవ్వ తలొంచుకుని పక్కకు జరిగేది. తోమాసు చివరగా పట్టిన గొంతుల్లో ఆమెది ఒకటి. పత్తిచేను పాట. రోజుల తరబడి అదే పాట, అదే "మల్ల". ఒకనాడు ఒళ్లు మండి, "నీ నోట్ల మన్నువడ!" అని తిట్టి లేచి వెళ్లిపోయింది. వారం తిరక్కుండా జ్వరమొచ్చి తోమాసు కన్నుమూశాడు.

మిషన్ చర్చి వెనక గుంత దగ్గర అందరూ తలా పిడికెడు మన్ను వేశారు. ఐలవ్వ కూడా పిడికిలి నింపింది... వేయలేకపోయింది. తన తిట్టు తన చేత్తోనే తీరుతున్నదనిపించింది. ఆ మన్నును కొంగున ముడేసుకుని ఇంటికొచ్చింది. ఆ ముడి ఇంకా విప్పలేదు. ఆయన తిరుగుతున్నది తన మీది కోపంతోనేనని ఆమె నమ్మకం. ఎట్లాగైనా మాఫీ అడగాలి.

అంతలో సంతాప సభ వచ్చింది. చచ్చినవాని కండ్లు చారెడు కదా. తోమాసు మిల్లుకు కరెంటు ఇప్పించమంటే చెప్పులరిగేదాకా తిప్పిన సమితి ప్రెసిడెంటు బుచ్చిరాములే పెద్దమనిషిగా నిలబడి సభ పెట్టించాడు. అదీ మిల్లులోనే. దెయ్యం గియ్యం లేదని తేలుతుంది, ముందర ఎలక్షన్లూ ఉన్నాయి. దండలు వచ్చాయి, పెట్రోమాక్సు వచ్చింది, ఫొటో వచ్చింది. మట్టి చేసిన మర్నాడే పుట్టింటికి పోయిన తోమాసు భార్య రిబ్కమ్మకు కబురు చేయడం మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు.

ప్రెసిడెంటు గారు వచ్చేసరికే చీకటి పడింది. ఐలవ్వ దర్వాజ పక్కన, కొంగుముడి పట్టుకుని కూర్చుంది.

"సభాసదులారా! తోమాసూ, నేనూ ఒకే కంచంలో తిన్నవాళ్లం!"

పైనుంచి... దూలాల నడుమ నుంచి —

"మల్ల!"

సభ బిగుసుకుపోయింది. బుచ్చిరాములు కండువా సర్దుకున్నాడు.

"అంటే... ఒకే హోటల్లో..."

"మల్ల!"

గ్రాంథికం ఎగిరిపోయింది. "లేదు తోమాసూ... నిన్ను మా అర్రలకు రానియ్యలే. అరుగు కిందనే నిలవెట్టిన. చాయ్ గూడ ఏరే గిలాసల పోపిచ్చిన..."

"మల్ల!"

"ఇంకేం జెప్పాల్నయ్యా!" అంటూ కండువా వదిలేసి ఉరికాడు. ఆయన వెనకే ఊరంతా. పద్యాలు రాసుకొచ్చిన లక్ష్మీరాజం పంతులు వాటిని జేబులోంచి తీయకుండానే కిటికీ దూకాడు. సాహిత్యానికి అంత మేలు ఆయన అంతకుముందు ఎన్నడూ చేయలేదు. సభ ఘనంగా జరిగిందని పత్రికలో మాత్రం పడింది.

మిల్లులో పెట్రోమాక్సు బుస ఒక్కటే మిగిలింది. ఐలవ్వ కూడా మిగిలింది. ఇప్పుడు అడగకపోతే ఇంకెన్నడూ అడగలేదు.

"తోమాసన్నా... నీ నోట్ల మన్నువడ అన్న... కోపంల అన్న. గట్ల గావాలని గాదు. నన్ను మాఫ్ జెయ్యి."

"మల్ల!"

మళ్లీ చెప్పింది.

"మల్ల!"

భయం పక్కకు పోయి పాత మంట లేచింది. "సచ్చినంక గూడ ఇడ్సిపెట్టవా! నీకేం గావాలె? పాటేనా? ఇను మరి!"

కండ్లు మూసుకుని అందుకుంది. గోనెసంచుల గోడల మధ్య ఆమె గొంతు మెత్తగా పరుచుకుంది. ఒక్కచోట తడబడింది, సర్దుకుంది, చివరిదాకా పాడింది. ఆగింది.

ఏ చప్పుడూ లేదు.

ఆ తర్వాత... అదే గొంతు... నెమ్మదిగా —

"ఎంత మంచిగ వాడినవే, ఐలవ్వా..."

ఐలవ్వ గోడకు జారగిలబడింది. దెయ్యం తిడితే ఓర్చుకునేది. మెచ్చుకుంటే ఓర్చుకోలేకపోయింది.

వెనక దర్వాజలో వెలుతురు కదిలింది. కందీలు పట్టుకుని రిబ్కమ్మ. పెద్దపల్లి పుట్టింటి నుంచి అప్పుడే బస్సు దిగి, ఊరు ఊరంతా ఎదురు ఉరికొస్తుంటే ఇటు నడిచొచ్చింది. కందీలు పైకెత్తి, "దిగు, దొంగదానా!" అన్నది.

దూలం మీంచి రెక్కలు టపటపలాడాయి. ఒక చిలక వచ్చి ఆమె భుజం మీద వాలింది.

"మీ అన్న వెంచుకున్నదే. గీ మిల్లులనే, మీకు గనవడకుంట వెనక అర్రల పంజరంల ఉంటుండె. ఆయన పోయిన్నాడు గడబిడల తప్పిచ్చుకున్నది. దీపం గనవడ్డా, మనిషి గొంతు ఇనవడ్డా ఆయన తీర్గనే అంటది."

ఐలవ్వ చిలక వంక చూసింది. "మల్ల అన్నది సరే వదినా... గా రెండో మాట యాడ నేర్సింది?"

"చిలక మాటలు వుట్టిస్తదా ఐలవ్వా? మీరంత పోయినంక ఒక్కడే కూసోని నీ పాట వెట్టుకుంటుండె. అయిపోంగనే గా మాట అంటుండె. మల్ల పెడుతుండె, మల్ల అంటుండె."

"నా ముంగట ఒక్కనాడన్న అనకపాయె!"

"నా కూర మంచిగున్నదని నాతోని అన్నడా?" రిబ్కమ్మ నవ్వబోయింది, ఏడ్చింది. "గీ చిలకకేమన్న జెప్పిండేమో, నేనే అడగాలె."

ఇద్దరూ కందీలు వెలుతురులో చర్చి వెనక్కి నడిచారు. సమాధి దగ్గర ఐలవ్వ కొంగుముడి విప్పింది. ఎండి పొడైన మన్ను పిడికిట్లోకి తీసుకుంది.

"నీ నోట్ల మన్నువడ అన్నా... గా ముచ్చట బతికున్నప్పుడే అంటే నీ సొమ్మేం బోతుండె!"

మన్ను రాలింది.

"మల్ల!" అన్నది చిలక.

ఐలవ్వ మళ్లీ తిట్టింది.