నాలుగువేల లైన్ల ముసుగు

"ములుగు బస్సు పంక్చరైంది," అంది ఫోన్.

ఏసీ మెకానిక్ వేషంలో ఉన్న ఏజెంట్ ఖాజా పాషా స్పానర్ పక్కన పడేశాడు. అది కోడ్. అతనున్న వరంగల్ కంప్యూటర్ సెంటర్‌లో రాసిన రాకెట్ ప్రోగ్రామ్‌లో విదేశీ ముఠా ఏదో ఒక లైను మార్చేసింది. పన్నెండింటికి ఏటూరునాగారం అడవిలో ప్రయోగం. రాకెట్ గురిపెట్టిన గుట్ట మీద పడదు, క్యాంపు మీద పడుతుంది. అక్కడ ముప్ఫై మంది సైంటిస్టులు, చీఫ్, జీపు డ్రైవర్ ఇమాం పాషా ఉన్నారు. ఇమాం ఖాజాకు సొంత అన్న.

"ఆపించండి సార్!"

"ఏ లైనో చెప్పు, ఆపిస్తా. ఉత్త అనుమానానికి ఢిల్లీ ఒప్పుకోదు," అన్నాడు చీఫ్, తాను కూర్చున్నదీ ఆ క్యాంపులోనే అయినా.

టైం పదకొండున్నర.

ప్రోగ్రామ్‌లో ఎవరు ఏం మార్చినా పేరుతో సహా దాచే సిస్టమ్ ఉంది. సీనియర్ ప్రోగ్రామర్ ప్రభుదాసు చూపించాడు. నిన్న ఒక్కరోజే మారినవి నాలుగువేల నూట పన్నెండు లైన్లు. పేరు లిదియా. కారణం: 'స్పేసులు సర్దుట'.

"స్పేసులే గదా, లెక్కేం మారదని సదువకుండ సంతకం పెట్టిన భాయ్. లేకుంటె కామా గూడ పోనియ్య నేను."

లిదియా మన డిపార్ట్‌మెంటు పెట్టిన గూఢచారే. ఆ విదేశీ ముఠాకూ గూఢచారేనని ఆ ఉదయమే తెలిసింది. ఇప్పుడు ఎదుటి కుర్చీలోనే ఉంది: చేతులకు బేడీలు, కళ్లకు నల్లద్దాలు, ఒంటిమీద నలగని సిల్కు చీర.

"సదువుకోండ్రి పాషా సాబ్. లైన్లన్నీ పక్కకు జరిగినయి, అంతే. మారింది ఒక్కటే."

పదకొండూ నలభై ఐదుకు పాషా మూడు వందల లైన్లు దాటలేదు. చెమట ప్రింటు కాగితం మీద పడుతోంది. డిపార్ట్‌మెంటిచ్చిన కెమెరా పెన్ను ఇంకు కక్కింది. అన్న మొహం కళ్లముందు కదిలింది. ఉన్నట్టుండి తలెత్తాడు.

"ప్రభుదాసన్నా, గిన్ని స్పేసులు ఈమె చేత్తోని కొట్టిందా?"

"లే భాయ్. సర్దే ప్రోగ్రామున్నది. నడిపిస్తె అదే సర్దుతది."

"అయితె మొన్నటి కాపీ తియ్యి. దాన్ని గూడ అదే ప్రోగ్రాంతోని సర్దు. అప్పుడు స్పేసుల తేడా పోతది, రెండిటిని పోల్చు. జల్ది!"

లిదియా పెదాల మీద లిప్‌స్టిక్ మిగిలింది. నవ్వు పోయింది.

పదకొండూ యాభై నాలుగు. ప్రింటర్ కీచుమంది. తేడా ఒక్క లైనే. ప్లస్ ఉన్నచోట మైనస్.

"లైన్లు బిజీ," అంది ఫోన్లో ఎక్స్ఛేంజి అమ్మాయి.

"చెల్లే, నీ కాళ్లు మొక్కుత! లైట్నింగ్ కాల్, అందరికంటె ముందు కలుపు!"

కనెక్షన్ దొరికేసరికి పన్నెండుకు పది సెకన్లున్నాయి. పాషా లైను చదివాడు. చీఫ్ కేక వేశాడు. ఆ తర్వాత ఏమీ వినపడలేదు. ఫోన్ కట్.

పావుగంట నరకం. మళ్లీ మోగింది.

"తమ్మీ!" ఇమాం గొంతు. "పొద్దటి సంది ఎండల నిలవెట్టి ఇప్పుడు క్యాన్సిలంటాండ్రు. గా ఆపిచ్చిన తెలివితక్కువోడెవడో ఎర్కనా?"

"ఎర్కలేదన్నా," అన్నాడు పాషా కళ్లు తుడుచుకుంటూ.

ఆ ఆపరేషన్‌కు సంబంధించి అతనికి దక్కిన ప్రశంస అదొక్కటే.