ఆకుపచ్చదా, అరిగినదా?

శనివారం పొద్దున్నే తైబోర్ మామయ్య తడిసిన గొడుగు విదిలించి గుమ్మం పక్కన ఆనించి, పిలవకుండానే వంటింట్లోకి వచ్చి పొయ్యి దగ్గర పీట మీద కూర్చున్నాడు. వాళ్ల కొండప్రాంతంలో పెళ్లయ్యాక మగవాడు అత్తవారింటికి వెళ్లడం ఆచారం, అందుకే ఆయనా అవతలి పేట మావ్‌లాయ్‌లో భార్య ఇంట్లోనే ఉంటాడు. కానీ ఆయన మనసూ నోరూ మాత్రం ఇక్కడ, లైతుంఖ్రాలో, తల్లి ఇంట్లోనే ఉండిపోయాయి. భూసంరక్షణ శాఖలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యాడు గానీ టై కట్టుకోవడం మానలేదు. ఈ ఇంట్లో ఏది జరగాలన్నా మేనమామ మాట పడాల్సిందే. కర్టెన్ల రంగు దగ్గర్నుంచి పందికూరలో నల్లనువ్వులు ఎంత వెయ్యాలనే దాకా ఆయన చెప్పని సంగతి లేదు.

ఇల్లు ఆయన చెల్లెలు ఇబన్‌ది. అక్కడి ఆచారం ప్రకారం ఆఖరి ఆడపిల్ల కాబట్టి తల్లీ, ఇల్లూ ఆమె వాటాకు వచ్చాయి. వీధి చివర టీ దుకాణం నడుపుతుంది. ఆమె భర్త కిర్షన్ పాతికేళ్ల కిందట ఒక ట్రంకుపెట్టె, ఒక బేస్ గిటారు పట్టుకుని ఈ ఇంటికి వచ్చాడు. బడిలో లెక్కలు చెబుతాడు, ఆదివారాలు చర్చిలో బేస్ వాయిస్తాడు. మనిషి కూడా ఆ వాయిద్యం లాంటివాడే. ఉన్నప్పుడు ఎవరూ పట్టించుకోరు, లేకపోతే మాత్రం ఏదో వెలితిగా ఉందేమిటని అందరూ వెతుక్కుంటారు.

ఆ రోజు ముందుగదిలో సోఫా మీద రెండు బేస్ గిటార్లు పక్కపక్కన పడుకుని ఉన్నాయి. ఇంట్లో మనుషులు మాత్రం బెంచీల మీద సర్దుకున్నారు.

కారణం కూతురు బాలారి. నలుగురు ఆడపిల్లల బ్యాండులో ఆమె బేస్ వాయిస్తుంది. నవంబరు సంగీతోత్సవంలో వాళ్లకు అవకాశం వచ్చింది. ఇన్నాళ్లూ వాయించిన నాన్న పాత బేస్‌కి మెడ వంకరపోయింది. "కొత్తది నేను కొనిపెడతాను. ఏది కొనాలో మీరు తేల్చండి, నన్ను మాత్రం అడక్కండి" అంది ఇబన్. పోలీస్ బజారులో గిటార్లు అమ్మే వాన్లాం దగ్గరికి సరిగ్గా అప్పుడే రెండు లిమిటెడ్ ఎడిషన్ బేస్‌లు వచ్చాయి. అరవైల నాటి మోడల్‌ని అచ్చంగా అలాగే మళ్లీ చేసి, కొన్నే కొన్ని వదిలారట. లోపల రెండూ ఒకటే, తేడా అంతా పైనే. ఒకటి లేత ఆకుపచ్చ, తల దగ్గర్నుంచి అడుగు దాకా అద్దంలా మెరుస్తోంది. రెండోది తేనెరంగు. దాన్ని ఫ్యాక్టరీలోనే గీకి, రుద్ది, రంగు ఊడగొట్టి, లోహపు ముక్కలకు మసక పట్టించి, యాభై ఏళ్లు ఎవరో వాయించినట్టు తయారుచేశారు. ధర కూడా దానికే ఎక్కువ.

తెలిసినవాళ్లని వాన్లాం రెండూ ఇంటికిచ్చి పంపాడు. "సోమవారం ఒకటి ఉంచుకుని ఒకటి తెచ్చెయ్యండి. ఒక్క గీత పడకూడదు సుమా" అన్నాడు. ఏ గిటారు గురించి అన్నాడో, పాపం, ఆయనకే తెలియాలి.

"ఇందులో ఆలోచించేదేముంది?" అన్నాడు తైబోర్ ఎర్రటీ చప్పరిస్తూ. "ఆ అరిగినదే. రాత్రి ఇంటర్నెట్లో అంతా చదివాను. తెలిసినవాళ్లు అదే కొంటారు. దానికో చరిత్ర ఉంది."

"ఏం చరిత్ర మామయ్యా? పోయిన ఏడాదే చేశారుగా" అంది బాలారి.

"చేసింది పోయిన ఏడాదే. చరిత్ర పాతది" అన్నాడాయన తొణక్కుండా.

కిర్షన్ బియ్యప్పిండి రొట్టె తుంచుతూ, రొట్టెతోనే చెబుతున్నట్టు మెల్లగా అన్నాడు: "ఆకుపచ్చది బాగుంటుంది."

ఇబన్ చేతిలో టీ గిన్నె గాల్లో ఆగిపోయింది. మూల కూర్చుని వక్క కత్తిరించుకుంటున్న అమ్మమ్మ ద్రోసిల్లా కూడా తలెత్తి చూసింది. పాతికేళ్లలో తైబోర్ మాట పూర్తయ్యాక ఆ వంటింట్లో కిర్షన్ మాట వినబడటం అదే మొదలు.

"ఏమన్నావు బావా?" అన్నాడు తైబోర్.

"ఆకుపచ్చది అన్నాను బావగారూ. పిల్ల ఇరవైలో ఉంది. తాతముత్తాతల నాటిదానిలా కనబడేది ఎందుకు? గీతలే కావాలంటే వాయిస్తూ ఉంటే అవే పడతాయి, ఊరికే."

"నువ్వు చర్చిలో ఓ మూల నిలబడి వాయించేవాడివి. ఇది పెద్ద వేదిక. ఇలాంటివి నువ్వు చూడనవసరం లేదు, నేను చూసుకుంటాను."

"మేనమామ మాట చావుబతుకుల దగ్గర చెల్లాలి, ఒప్పుకుంటాను. గిటారు రంగు చావా, బతుకా బావగారూ?"

బాలారి నవ్వు ఆపుకోలేక టీ పొలమారి వంటింట్లోంచి పరిగెత్తింది. తైబోర్ ముఖం కందగడ్డలా అయింది. టీ సగంలోనే వదిలేసి, గొడుగు తీసుకుని, "రేపు చర్చి నుంచి ఇటే వస్తాను. అప్పుడు తేలుస్తాను" అని వెళ్లిపోయాడు. వర్షం పడుతున్నా గొడుగు తెరవలేదు. అంత కోపం వచ్చిందాయనకు.

"ఏమైందండీ మీకు?" అంది ఇబన్. "అన్నయ్య సంగతి తెలుసుగా? ఓ రంగు కోసం ఇంత గొడవా?"

కిర్షన్ చేతిలోని రొట్టె ముక్క పళ్లెంలో పెట్టేశాడు. తర్వాత అన్నాడు: "ఇంటికి సున్నం వేసినప్పుడు నన్నడగలేదు. బాలారికి పేరు పెట్టినప్పుడు అడగలేదు. అడగాలని నేనూ అనుకోలేదు. పద్ధతి అది, సంతోషంగానే ఉన్నాను. కానీ ఇబన్, బేస్ వాయించడం దానికి నేర్పింది నేను. ఆ వేళ్లు పట్టుకుని తీగల మీద పెట్టింది నేను. ఈ ఒక్కదాంట్లో నా మాట నిలబడితే చాలు. ఇంకెప్పుడూ ఏదీ అడగను."

 మొగుడు అన్నేళ్లుగా ఏదీ అడగలేదన్న సంగతి ఇబన్‌కి అప్పుడే తట్టింది.

నిజానికి బాలారికి ఆకుపచ్చదే నచ్చింది. చూడగానే నచ్చింది. ఆ మాట చెప్పేస్తే గొడవ అక్కడితో ఆగిపోయేది. కానీ నాన్న ఎదురు మాట్లాడటం ఎప్పుడూ చూడని పిల్ల కదా, ఇంకాస్త మాట్లాడనీ, తనంతట తానే గెలవనీ అని నోరు మూసుకుంది.

ఆదివారం అందరూ చర్చికి వెళ్లారు. మోకాళ్ల నొప్పులని అమ్మమ్మ ఇంట్లో ఉండిపోయింది. తలకు గళ్ల శాలువా చుట్టుకుని, ముందుగదిలో కూర్చుని, సోఫా మీది గిటార్ల వంక చూసింది. ఆకుపచ్చది బాగానే ఉంది. రెండోదానికి ఎక్కడ చూసినా గీతలే. ఎవడో మోసగాడు పిల్లకి చెత్త అంటగట్టాడు. వీళ్లేమో దాన్ని చూసి చరిత్ర అంటున్నారు. చదువుకున్నవాళ్లింతే అనుకుంది. లేని ఓపిక తెచ్చుకుని లేచింది.

చర్చి నుంచి వచ్చేసరికి ఇల్లంతా బూటుపాలిష్ వాసన.

అమ్మమ్మ నేల మీద చాప పరుచుకుని కూర్చుంది. ఒళ్లో తేనెరంగు గిటారు. పక్కన కిర్షన్ బడికి వేసుకెళ్లే బూట్ల గోధుమరంగు పాలిష్ డబ్బా, బ్రష్, ఓ పాత మేజోడు. ఊడిన రంగంతా పాలిష్‌తో నిండిపోయింది. గీతల్లో ఒక్కటీ మిగల్లేదు. బొగ్గుల బూడిద పెట్టి తోమేసరికి మసకబారిన లోహం వెండిలా తళతళలాడుతోంది.

"వచ్చారా? చూడండి ఎలా ఉందో!" అంది ముసలావిడ ముఖం వెలిగిపోతుండగా. "మూడుసార్లు పూశాను. చంటిబిడ్డకి స్నానం చేయించినట్టుంది."

తైబోర్ ఒక్క అంగలో చాప దగ్గరికి వచ్చాడు.  

"అమ్మా! ఎంత పని చేశావే! ఆ గీతలకే కదా ఎక్కువ డబ్బు!"

"గీతలకి డబ్బేంట్రా? బూడిద కూడా పెట్టి తోమాను."

"అదే! అదే పోయింది! దాని విలువంతా నాశనం చేశావు! నీకు తెలియని వాటిల్లో ఎవరు వేలు పెట్టమన్నారు నిన్ను?"

 తైబోర్ తల్లి మీద గొంతెత్తడం ఆ గోడలు కూడా ఎరగవు. ద్రోసిల్లా ఒకసారి గిటారు వైపు, ఒకసారి నల్లబడిన తన వేళ్ల వైపు చూసుకుంది. 

"పిల్ల నలుగురి ముందు నిలబడాలి కదా అని..." అంది. కళ్లలోంచి నీళ్లు జారి, పాలిష్ పట్టిన ఆ చెక్క మీదే పడ్డాయి. వాటిని కూడా మేజోడుతో గబగబా తుడిచేసింది.

తైబోర్ టై వదులు చేసుకున్నాడు. "సరే, అయిందేదో అయింది. ఆకుపచ్చది ఉంచుకుందాం. దీన్ని రేపు వాన్లాంకి ఇచ్చేస్తే నేను సర్దిచెబుతాను. నా మాట కాదనడు."

కిర్షన్ కోరుకున్నది అక్షరాలా జరిగిపోయింది. నోరు మెదపకుండా నిలబడితే చాలు, ఆకుపచ్చది ఇంట్లో ఉంటుంది. కానీ ఆయన ముఖంలో గెలిచిన కళ లేదు. అత్తగారి వంకే చూస్తున్నాడు.

"బావగారూ, పాలిష్ పూసింది మనం. వాన్లాం ఎందుకు నష్టపోవాలి?"

"అయితే ఏం చేద్దామంటావు? నువ్వడిగిందే ఇస్తుంటే మళ్లీ ఇదేంటి?"

బాలారికి ఇక ఓపిక నశించింది. "మామయ్యా! నిన్నటి నుంచి మీరే తేలుస్తున్నారు. నిన్న అరిగినది, ఇవాళ ఆకుపచ్చది. అమ్మమ్మ ఏడుస్తోంది, అమ్మ బిక్కమొహం వేసుకుంది. వాయించేదాన్ని నేను, నన్ను మాత్రం ఎవరూ అడగలేదు. సరే, అడక్కండి. నాకు బేస్ నేర్పినాయన ఒకాయన ఉన్నాడు ఈ ఇంట్లో. ఆయన్ని అడగండి ఒక్కసారి."

"అవునన్నయ్యా" అంది ఇబన్.  "ఆయన్ని అడుగు."

తైబోర్ చెల్లెలి వంక ఆశ్చర్యంగా చూశాడు. తర్వాత తల్లి వంక చూశాడు. ఆవిడ ఇంకా కొడుకు ముఖం చూడటానికి భయపడుతూ పాలిష్ డబ్బా మూత పెట్టలేక పెనుగులాడుతోంది. ఆ భయం ఎవరి వల్ల వచ్చిందో ఆయనకు తెలుసు. మెల్లగా వంగి, డబ్బా తీసుకుని తనే మూత పెట్టాడు.

"నువ్వే చెప్పు బావా" అన్నాడు తలెత్తకుండా. "నువ్వు ఏదంటే అది."

కిర్షన్ వెళ్లి చాప మీద అత్తగారి ఎదురుగా కూర్చున్నాడు. గిటారు ఒళ్లోకి తీసుకుని, చెవి చెక్కకి ఆనించి, నాలుగు తీగలూ ఒక్కొక్కటే మీటాడు.

"ఇదే ఉంచుకుందాం" అన్నాడు. "లిమిటెడ్ ఎడిషన్ అంటున్నారు కదా? మిగతావి ఎన్నో కొన్ని ఉంటాయి. అత్తయ్య చేతి మీదుగా వచ్చింది మాత్రం ప్రపంచం మొత్తంలో ఇదొక్కటే."

ద్రోసిల్లా శాలువా అంచుతో ముఖం కప్పుకుని ఈసారి ఇంకా గట్టిగా ఏడ్చింది. ఇబన్ కూడా ఏడ్చింది. తైబోర్ మాత్రం కళ్లజోడు తీసి, అద్దాలు బాగానే ఉన్నా తుడిచాడు.

కిర్షన్ కాసేపు ఎదురుచూశాడు. ఎవరో ఒకరు కాదంటారనుకున్నాడు. ఎవరూ అనలేదు.

"ఏంటి, ఎవరూ ఏమీ అనరా?"

"ఏమనాలండీ? మీరు చెప్పారుగా" అంది ఇబన్ ముక్కు చీదుతూ.

ఆయనకి ఆ మాట కొత్తగా ఉంది. లేచి పెరట్లోకి వెళ్లిపోయాడు. బాలారి వెనకే వెళ్లేసరికి నారింజ చెట్టు దగ్గర అటు తిరిగి నిలబడి చొక్కా చేత్తో కళ్లు తుడుచుకుంటున్నాడు. ముఖం నిండా పాలిష్ అంటుకుంది.

"నాన్నా."

"ఊఁ."

"ఓ మాట చెబితే కోప్పడవుగా? నాకు ఆకుపచ్చదే నచ్చింది."

కిర్షన్ కూతురి వంక చూశాడు. "నాకూ అదేనే!" అన్నాడు దీనంగా. "జీవితంలో ఒక్కసారి నా మాట నెగ్గింది. చూడు, దేని మీద ఖర్చుపెట్టానో!"

ఇద్దరికీ నవ్వాగలేదు. కడుపు పట్టుకుని, ఒకరి భుజం మీద ఒకరు వాలిపోయి, నవ్వుతోనే ఏడ్చేశారు. ఆకుపచ్చ రంగు పోయినందుకు బాలారికి బాధ లేకపోలేదు. కానీ నాన్న అంత గట్టిగా నవ్వగలడని ఆ పిల్లకి ఇన్నాళ్లూ తెలియదు.

లోపల్నుంచి అమ్మమ్మ గొంతు వినిపించింది, ఏడుపు తగ్గి మళ్లీ హుషారుగా:

"ఇబన్! ఆ పచ్చదాన్నీ ఇలా తీసుకురా. దుకాణానికి తిరిగిచ్చేముందు దానికీ కాస్త మెరుగు పెడతాను."

తండ్రీకూతుళ్లు ఒక్క ఉదుటున లోపలికి పరిగెత్తారు. ఆకుపచ్చ గిటారు అప్పటికే చాప మీద ఉంది. బ్రష్ గాల్లో ఉంది. తైబోర్ తల్లిని ఇంకోసారి కసరలేక, ఆపనూ లేక, గోడకి అతుక్కుపోయి చూస్తున్నాడు.

"అత్తయ్యా, వద్దు!" అన్నాడు కిర్షన్.

అన్నాక తనే ఉలిక్కిపడ్డాడు. ఆవిడతో వద్దు అనే మాట అనడం ఆయనకదే మొదలు. ద్రోసిల్లా అల్లుడి వంక తేరిపార చూసింది. తర్వాత బ్రష్ కింద పెట్టేసింది.

"సరే బాబూ" అంది. "నువ్వు వద్దంటే వద్దు."