మోతకర్ర

ఖీవా కోటగోడ లోపల ఉస్తా మత్‌యాకూబ్‌ని మించిన వడ్రంగి లేడని అందరూ అంటారు. అందరికంటే ముందు ఆయనే అంటాడు. ఉస్తా అంటే పనిలో ఆరితేరినవాడని అర్థం. చెక్కుడు తలుపులు, పెళ్లి పెట్టెలు, పొట్టికాళ్ల భోజనబల్లలు... ఎవరికి కావలసిన కొలతకు వాళ్లకు చేసి ఇవ్వడం ఆయన పని. ముప్పై ఏళ్లు అవి చేశాక పాత ఇళ్లు బాగుచేయడం కూడా నెత్తికెత్తుకున్నాడు. జబ్బు ఒక్కటే. పాత కర్ర కనబడితే ఒళ్లు తెలియదు. పెళ్లిచూపులకు వెళ్లి పిల్ల ముఖం చూడకుండా వాళ్ల గడపను గోటితో గీరి చూశాడని ఆయన భార్యే చెప్పేది, పాపం, బతికున్నన్నాళ్లూ.

ఇప్పుడాయనకు మిగిలింది కూతురు బీబీజాన్ ఒక్కతే. అల్లుడు రజబ్ రొట్టెల కొట్టులో తందూరు దగ్గర పనిచేస్తాడు. కాల్చడంలో కంటే తినడంలో నేర్పరి. ఆకులు రాలే కాలంలో వాళ్ల పడకగది దూలం పుచ్చిపోయింది. పచ్చికర్ర వేస్తే చలికాలానికే వంకరపోతుంది. బాగా ఎండిన ముదురుకర్ర కావాలి.

అది మసీదు వెనక దొరికింది. పేటలో పోయినవాళ్లందరినీ మోసే ఉమ్మడి పాడె విరిగిపోతే అక్కడ పడేశారు. ఒక మోతకర్ర మాత్రం చెక్కుచెదరలేదు. నాలుగు తరాల భుజాలు రాసుకుని అద్దంలా నునుపు తేలింది.

"ముట్టుకోకు ఉస్తా," అన్నాడు మసీదు చూసుకునే సపర్ తాత. "విరిగిన పాడెను గోరీల దగ్గరే పూడ్చాలి. పాడె కర్ర ఇల్లు చేరకూడదు."

"నీ నడుమూ విరిగిందిగా తాతా. మరి నిన్నెప్పుడు పూడుస్తారు?"

సపర్ తాత బోసినోటితో నవ్వాడు. మర్నాడు పాడెను పూడ్చారు, ఒక కర్ర తక్కువగా. ఆ కర్ర కూతురి పడకగదికి దూలమైంది. తాత గదిలోకి చెక్కుడుపని చేసిన చెప్పుల అర ఒకటి వచ్చింది. అది ఎలా వచ్చిందో పేటలో అందరికీ తెలుసు, అందుకే ఎవరూ అడగలేదు.

తొలిమంచు పడ్డ వారానికి బీబీజాన్ మంచం పట్టింది. నొప్పి లేదు, జ్వరం లేదు. రోజురోజుకీ చిక్కిపోతోంది. డాక్టరు రక్తం బాగుందన్నాడు, గుండె బాగుందన్నాడు. మనిషి సంగతి మాత్రం చెప్పలేదు.

ఒక మధ్యాహ్నం రజబ్ పరుగున వచ్చాడు.

"మావయ్యా, నీ గొప్ప దూలం వంగింది."

"నీ చూపు వంగుంటుంది."

వెళ్లి దారం కట్టి చూశాడు. నాలుగు వేళ్లు కిందికి దిగింది. సరిగ్గా బీబీజాన్ పడుకున్న చోట. కప్పు మీద మంచు వేలెడు కూడా లేదు. గదిలో తడిమట్టి వాసన, అప్పుడే తవ్విన గుంతలోంచి వచ్చేలాంటిది.

"నాన్నా," అంది కూతురు గుసగుసగా. "పైన ఎవరో నడుస్తున్నారు. కొంచెం దూరం వెళ్లి భుజం మార్చుకుంటారు. 'ఇంకెంత దూరం?' అంటాడొకడు. 'దగ్గరికొచ్చేశాం' అంటాడు ఇంకొకడు."

"ఎప్పట్నించి?"

"నువ్వు ఈ గది బాగుచేసినప్పట్నించి."

మత్‌యాకూబ్ లేచి నిలబడ్డాడు. కూతుర్ని పక్కగదిలోకి మార్పించాడు. కప్పుకు ఊతకర్రలు పెట్టాడు. సుత్తితో కొట్టి కొట్టి దూలం ఊడదీశాడు. అది భుజం మీదికి దిగింది. మోకాళ్లు వంగిపోయాయి. మసీదు నుంచి దీన్ని చంకలో పెట్టుకుని, సిగరెట్టు కాల్చుకుంటూ తెచ్చాడాయన. ఇప్పుడు... ఒక మనిషి బరువుంది.

"నేనూ పట్టుకుంటా మావయ్యా."

"నువ్వు బీబీజాన్ పక్కనే కూర్చో. కదలకు."

సాయంత్రం నాలుగున్నరకు గోరీల దారి పట్టాడు. ఆకాశమూ నేలా ఒకే బూడిద రంగు. ఆ ఊళ్లో పాడె ఎదురైతే ఎంతటివాడైనా ఆగి, ఏడడుగులు మోసి తీరాలి. ఆ రోజు వీధిలో పిల్లి కూడా లేదు.

అయినా ఏడో అడుగు దగ్గర బరువు కదిలింది.

కర్ర వెనక కొస పైకి లేచింది. ఎవరో అందుకున్నట్టు.

మత్‌యాకూబ్ వెనక్కి చూడలేదు. పాడె మోసేవాడు వెనక్కి చూడకూడదు. మంచులో అడుగులు వినిపించాయి. కరకర... కరకర... ఇద్దరివి. కాదు, నలుగురివి. మళ్లీ ఏడడుగులు. మళ్లీ భుజం మారింది. తడిమట్టి వాసన ఊపిరిలా మెడకు తగిలింది.

చెవి పక్కనే ఎవరో మెల్లగా అడిగారు.

"ఇంకెంత దూరం?"

బరువు మోస్తూ, ఆయాసపడుతూ, అలవాటుగా, ఆయన జవాబిచ్చేశాడు.

"దగ్గరికొచ్చేశాం."

నోరు మూసుకున్నాక గాని ఆ మాట ఎవరిదో అర్థం కాలేదు. కాళ్లు ఆపాలనుకున్నాడు. ఆగలేదు. గోరీల గోడ దాటేదాకా ఆగలేదు.

గుంత తవ్వే పని పడలేదు. తవ్వి ఉంది. ఎవరు తవ్వారో అడగడానికి అక్కడ మనిషి లేడు. కర్రను అందులో పెట్టి చేతులతోనే మట్టి కప్పాడు. భుజం మీద బరువు పోయింది. ఇంటికి పరిగెత్తాడు.

గుమ్మంలోనే రజబ్ ఎదురొచ్చాడు. ఏడుస్తున్నాడు, నవ్వుతున్నాడు.

"లేచి కూర్చుంది మావయ్యా! రెండు రొట్టెలు తింది. నాకే మిగల్చలేదు!"

బీబీజాన్ గోడ పక్కన దూదిపరుపు మీద కూర్చుని ఉంది. బుగ్గల్లో రంగు వచ్చింది.

"రా నాన్నా, కూర్చో. ఇప్పుడు చాలా హాయిగా ఉంది."

ఆయన ఆమె పక్కన కూలబడ్డాడు. కొత్త దూది. ఆయన కింద మెత్తగా, జానెడు లోతు కుంగింది.

ఆమె కింద కుంగలేదు, అక్కడ బరువే లేనట్టు. దుప్పటి మీద ముడతైనా లేదు.

"వేడిగా టీ పెట్టు రజబ్," అన్నాడు మత్‌యాకూబ్. ఆ పరుపు మీంచి చూపు తిప్పుకోలేదు.