కౌతాళంలో సున్నా

ఆదోని ఆఫీసులో వీణతో నా మొదటి మాటే గొడవ. పత్తి చేలల్లోంచి నల్లరేగడి అంటిన బూట్లతో వచ్చి, ఆమె అప్పుడే తుడిపించిన గచ్చు మీద నడిచాను.

"చేనంతా ఈడికే మోసుకొచ్చినావే! ఇత్తనాలు గూడా ఈన్నే ఏస్తావా?"

"ఏస్తా. నీళ్ళు నువ్వు పోస్తావా?"

ఆమె చీపురు తెచ్చి నా చేతికిచ్చింది. నోరు మూసుకుని ఊడ్చాను. ఏం చేస్తాం, ఆ కళ్ళు అట్లాంటివి!

మాది విత్తనాల కంపెనీ. నేను కౌతాళం వైపు చేలకు తిరిగే ఫీల్డ్ ఆఫీసర్ని, ఆమె ఆఫీసు కాగితాలు చూస్తుంది. ఇద్దరిదీ ఎమ్మిగనూరే. సాయంత్రం బస్సులో పక్క సీటు మీద బ్యాగు పెట్టి నాకోసం ఆపేది.

ఉన్నట్టుండి ఒకరోజు ఆ బ్యాగు ఆమె ఒళ్ళోకి పోయింది. నా సీట్లో ఎవరో పెద్దమ్మ. ఆ రోజు నుంచి వీణ నా ముఖం చూడటమే మానేసింది. పెళ్ళి కుదిరిందనుకున్నాను. నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. అయినా మూడు నెలలు ఓర్చుకున్నాను. చివరికి ఒక వాన సాయంత్రం బస్టాండులో నిలదీశాను.

"ఎవురు పెండ్లికొడుకు?"

"యా పెండ్లికొడుకు?"

"మరి నా మొగం యాల సూడవు?"

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "సూడలేకపోతున్నా ధనుంజయా. నీ పేరు లిస్టులో ఉంది."

పని సరిగ్గా చేయనివాళ్ళ లిస్టట. మూడు నెలలు గమనిస్తారు, వాళ్ళకు మాత్రం చెప్పరు. గడువయ్యాక పిలిచి, వాళ్ళంతట వాళ్ళే మానుకున్నట్టు కాగితం రాయించుకుంటారు. నా గడువు మర్నాడే. ఆ లిస్టు టైపు చేసింది వీణ. బయటపెట్టనని సంతకం కూడా పెట్టింది.

"అంతా తెలిసీ ఇన్నాళ్ళు నోరు మెదపలేదా?" అరిచాను. "నా పనికేమొచ్చింది?"

"కౌతాళంలో నువ్వు తిరిగింది సున్నా అంట. యాప్‌లో ఒక్క చేను గూడా పడలే."

"సున్నానా! రెండు జతల బూట్లు అరగదీసినా!"

అప్పుడు నాకు వెలిగింది. "మా చేన్లో నిలబడితే ఫోను కర్ణాటకకు పోతాది" అని బసన్న అనే రైతు ఎప్పుడూ నవ్వుతుంటాడు. సరిహద్దు ఊరు, అవతలి టవర్ అందుకుంటుంది. బ్యాటరీ తినేస్తుందని నేను ఫోన్లో లొకేషన్ ఆపేసేవాణ్ణి. చేనుకెళ్ళినప్పుడల్లా నేను నొక్కే కంపెనీ యాప్, టవర్‌ను బట్టి ఊరు రాసుకుంది. నా చేలన్నీ కర్ణాటకలో పడ్డాయి! తప్పు నాది కూడా ఉంది. కానీ మొదటి వారమే పిలిచి అడిగుంటే నిమిషంలో తేలిపోయేది కదా.

"రేపు జోయల్ సార్‌కు ఇదే సెప్పు" అంది వీణ.

"నీకెట్ల తెలిసిందని సార్ అడిగితే?"

ఆమె పేరు బయటపడితే ఆమె ఉద్యోగమూ పోతుంది. వాళ్ళింట్లో జీతం ఆమెదొక్కటే. బస్సులో వేర్వేరు సీట్లలో కూర్చున్నాం.

మర్నాడు మా మేనేజర్ జోయల్ సార్ పిలిచారు. మంచి మనిషే, అందుకే నా వైపు చూడలేకపోయారు.

"సొంత కారణాలతో మానుకుంటున్నానని రాయి ధనుంజయా. ఇంకో కంపెనీకి పోయినా మచ్చ ఉండదు."

"నా తప్పేంది సార్?"

"అది సెప్పగూడదు."

టవర్ మాట నోటి దాకా వచ్చింది. అద్దం అవతల వీణ కనిపించింది. మాట మింగేసి పెన్ను తీసుకున్నాను. రాయడం మొదలుపెట్టాను.

తలుపు తోసుకుని వీణ వచ్చింది. "ఆగు! సార్, లిస్టు సంగతి నేనే సెప్పినా. నన్నేమన్నా చేయండి. ముందు కౌతాళం బసన్నకు ఫోన్ చేయండి."

టవర్ సంగతంతా ఆమే చెప్పింది. సార్ బసన్నకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టారు.

"ధనుంజయనా? వారానికి రెండుతూర్లు వస్తాడు సార్. మొన్న పత్తికి గులాబీ పురుగు తగిలిందని కనిపెట్టింది ఆయప్పే. యాల, ఏమన్నా అయిందా?"

జోయల్ సార్ నా కాగితం చింపేశారు. "పై ఆఫీసుకు నేను సెప్పుకుంటా. కానీ వీణా, నీకు మెమో తప్పదు."

"ఇయ్యండి సార్. మెమో అంటే కారణం రాసి సేతికిస్తారు. ఈయనకు అది గూడా ఇయ్యలే మనం. లిస్టులో ఇంకా నలుగురుండారు."

"వాళ్ళనూ పిలువు" అన్నారు ఆయన తల దించుకుని. "ఎదురుగానే మాట్లాడదాం."

సాయంత్రం బస్సులో పక్క సీటు మీద బ్యాగుంది.

"తీస్తావా?"

"ముందు ఇను. నీ దగ్గర రెండు దాచినా. ఒకటి సెప్పేసినా."

"రెండోదానికి గూడా సంతకం పెట్టినావా?"

"లే. ధైర్యం సాలలే." కిటికీలోంచి వాన జల్లు కొడుతోంది, ఆమె తుడుచుకోలేదు. "నువ్వంటే నాకిష్టం ధనుంజయా. ఎవురికన్నా సెప్పుకో."

ఆమె బ్యాగు తీసి నా చేతిలో పెట్టింది.

"నాకూ..." అన్నాను, కూర్చుంటూ. "గచ్చు ఊడ్సిన రోజు నుంచి."

ఆమె పగలబడి నవ్వింది. "ఇంక నీ తప్పులన్నీ మొగం మీదనే సెప్తా. మొదటిది, ఆ లొకేషన్ పెట్టుకో."

పెట్టాను. బ్యాటరీ తొమ్మిది శాతమే ఉంది. పోతే పోనీ అనుకున్నాను. నేను ఎక్కడ కూర్చున్నానో ఇక ఏ టవరూ నాకు చెప్పక్కర్లేదు.