శ్రీవల్లి చేసిన కాలమ్

ఆ ఆదివారం వెంకటప్పయ్య ఎరువుల కొట్టు తెరవలేదు. సాయంత్రం కల్యాణమండపంలో కొడుక్కి సన్మానం. వ్యాపారుల సంఘం వాళ్లను వారం రోజులుగా తిరిగి ఒప్పించింది ఆయనే. సరోజినీదేవి వంటింట్లో పెసరట్లు వేస్తుండగా వాకిట్లో బండి ఆగింది. ఫ్లెక్సీ వచ్చింది.

వరండాలో పరిపించి, ఆయన భార్యని పిలిచాడు. ఆవిడ అట్లకాడతోనే వచ్చి చూసింది. ఇంత ఎత్తున చైతన్య ఫొటో. పక్కన పెద్ద అక్షరాలు: “వైద్యానికి కొత్త కాలమ్ అందించిన తిరువూరు ముద్దుబిడ్డ చైతన్యకు అభినందనలు.” ఆవిడ మళ్లీ మొదటినుంచీ చదివింది. కోడలి పేరు ఎక్కడా లేదు.

పచ్చడి గిన్నె పట్టుకుని వెనకే వచ్చిన శ్రీవల్లి కూడా చదివింది. లోపలికి వెళ్లిపోయింది.

సరోజినీదేవికి ఆ కాలమ్ సంగతి తెలుసు. రెండేళ్ల కిందట కంటి ఆపరేషన్‌కి హైదరాబాద్ వెళ్లి నెల్లాళ్లు కొడుకు, కోడలి దగ్గరే ఉంది. ఒకరోజు శ్రీవల్లి ఆవిణ్ణి తాము పనిచేసే ల్యాబుకి తీసుకెళ్లి, వెంట్రుక మాత్రమే పట్టేంత సన్నటి బెజ్జం ఉన్న గాజు గొట్టం చూపించి, కాలమ్ అంటే ఇదేనంది.

“ఇందులో మందులు కలిపిన ద్రవం పోసి వేడినీళ్లలో పెడతాం అత్తయ్యా. ఇరవై గంటలకి లోపల ప్లాస్టిక్‌లా గట్టిపడుతుంది. గట్టిపడనిదాన్ని కడిగేస్తే, అదున్న చోటల్లా బెజ్జాలు మిగులుతాయి, స్పాంజిలాగా. రక్తంలో ప్రోటీన్ల చిన్నచిన్న ముక్కలుంటాయి, పెప్టైడ్లంటాం. అన్నీ కలగాపులగంగా ఉంటాయి. ఇందులోంచి పంపితే ఒక్కోటి ఒక్కో సమయానికి బయటికొస్తుంది. ఏ ముక్క జబ్బు జాడ చెబుతుందో అప్పుడు పట్టుకోవచ్చు.”

“మరి అలా విడివిడిగా వస్తున్నాయా?”

“లేదత్తయ్యా. గట్టిపడేటప్పుడు కుంచించుకుపోయి గాజు గోడని వదిలేస్తోంది. ఆ సందులోంచి అన్నీ కలిసే జారిపోతున్నాయి.”

ఆ నెల్లాళ్లలోనే పదకొండు గొట్టాలు పాడవడం ఆవిడ కళ్లారా చూసింది. ప్రతిసారీ ఆ పిల్ల మొహం కడుక్కుని వచ్చి మళ్లీ మొదలుపెట్టేది. అలాంటివి యాభై దాటాక పని జరిగింది. మొన్ననే పేటెంటు వచ్చింది.

“కోడలి పేరేదండీ?” అంది సరోజినీదేవి.

“ఇద్దరూ ఒకే ల్యాబు కదే. ఊళ్లో వాళ్లకి తెలిసింది మనవాడు. ఆ అమ్మాయిని ఎవరెరుగుదురు?”

“మీరెరగరా?”

ముప్పై నాలుగేళ్ల కాపురంలో భార్య ఆ గొంతుతో మాట్లాడటం ఆయన వినలేదు. విసుగ్గా అన్నాడు, “ఏమని చెప్పమంటావు నలుగురిలో? గంపలగూడెంలో షేర్ ఆటో నడిపే పుల్లయ్య కూతురు అని చెప్పనా?”

శ్రీవల్లి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

“నా పేరు వెయ్యకపోతే బాధే మామయ్యగారూ, కానీ ఓర్చుకోగలను. మా నాన్న పేరు చెప్పుకోవడం నామోషీ అంటే మాత్రం సాయంత్రం ఆ హాల్లో కూర్చోలేనండి. ఆయన ఆటో నడిపితేనే నేను ఎమ్మెస్సీ చదివాను.”

అప్పుడే స్నానం చేసి వచ్చిన చైతన్య ఫ్లెక్సీ చూసి ఆగిపోయాడు.

“నువ్వు చెప్పరా,” అంది తల్లి. “ఎవరు చేశారది?”

“తనే చేసింది నాన్నా. తను చేసిన కాలమ్‌ని మెషిన్‌కి పెట్టి పరీక్షించడం వరకే నా పని. ముప్పయ్యోది పాడయ్యాక ఇంక వదిలెయ్యమని కూడా అన్నాను. పేటెంటులో మొదటి పేరు తనదే.”

“మరి ఫోన్లో నువ్వే చేశావా అని అడిగితే ఊఁ అన్నావుగా?”

“మీ గొంతులో అంత సంతోషం ఎప్పుడూ వినలేదు నాన్నా. కాదనలేకపోయాను.” భార్య వైపు తిరిగాడు. “నీకు ముందే చెప్పాల్సింది శ్రీవల్లీ. చెప్పే ధైర్యం లేకపోయింది.”

శ్రీవల్లి కళ్లనిండా నీళ్లు. వంటింట్లో అట్టు మాడుతున్న వాసన వస్తున్నా ఎవరూ కదల్లేదు.

వెంకటప్పయ్య కుర్చీలో కూలబడ్డాడు. “ఇంతకీ గోడని వదలకుండా ఎలా పట్టించావమ్మా?” అని అడిగాడు.

ఆ ప్రశ్న ఆ ఇంట్లో తననెవరూ అడుగుతారనుకోలేదు శ్రీవల్లి. “ముందు గాజు లోపల ఒక మందు పూత వేశానండి. దానికి ఒకవైపు గాజు అంటుకుంటుంది, రెండోవైపు ప్లాస్టిక్ అంటుకుంటుంది. ఏది ఎంత పాళ్లలో వెయ్యాలో తేలడానికే ఏడాది పట్టింది.”

ఆయన ఒకటి తర్వాత ఒకటి అడుగుతూనే ఉన్నాడు. ఆమె నేలమీద కూర్చుని, కాగితం మీద బొమ్మలు గీసి చూపించింది. గంట గడిచాక ఆయన లేచి, ఫ్లెక్సీ చుట్టి గోడకి ఆనించి, కారు తాళాలు తీసుకున్నాడు.

“ఎక్కడికండీ?”

“గంపలగూడెం. ఫోన్లో పిలిచే పిలుపు కాదిది.”

మధ్యాహ్నం ఆయన తిరిగొచ్చేసరికి పక్క సీట్లో పుల్లయ్య ఉన్నాడు. ఇస్త్రీ మడత పోని తెల్లచొక్కా వేసుకున్నాడు. దిగాక గుమ్మం దగ్గరే చెప్పులు వదిలి తటపటాయిస్తుంటే, వెంకటప్పయ్య భుజం మీద చెయ్యి వేసి, “లోపలికి రండి బావగారూ, భోజనానికి మీకోసమే ఆగాం,” అన్నాడు. పెళ్లయిన మూడేళ్లలో ఆయన్ని పేరు పెట్టే పిలిచాడు తప్ప ఆ వరస కలపడం అదే మొదలు. శ్రీవల్లి గబగబా విస్తళ్లు వెయ్యడానికి వెళ్లింది. చైతన్య ఆమె వెనకే మంచినీళ్లు పట్టుకెళ్లాడు.

సాయంత్రం వేదిక మీద ఫ్లెక్సీ లేదు. వెంకటప్పయ్య మైకు అందుకుని, “ఇన్నాళ్లూ ఊరంతా తప్పు చెప్పాను. ఈ పని చేసింది మా కోడలు,” అన్నాడు. గాజు గొట్టం, అందులో బెజ్జాలు, గోడని పట్టించే పూత, అన్నీ తనకి తెలిసిన మాటల్లో వివరించాడు. ఒకచోట ఆగి, “అంతేనా అమ్మా?” అని అడిగాడు. ఆమె తలూపాక సాగించాడు. యాభైకి పైగా పాడయ్యాయని కూడా చెప్పాడు.

తర్వాత పుల్లయ్యని పైకి పిలిచి శాలువా ఆయన చేతుల్లో పెట్టాడు. ఆయన దాన్ని కూతురి భుజాలమీద కప్పి, సరిగ్గా ఉందో లేదో అని రెండుసార్లు సర్దాడు. చైతన్య లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. హాలంతా లేచింది.

సరోజినీదేవికి ఏమీ సరిగ్గా కనిపించడం లేదు. కొంగుతో కళ్లు ఒత్తుకుంది. పక్క కుర్చీలో ఆవిడ విస్సన్నపేట నుంచి వచ్చినట్టుంది. వంగి అడిగింది, “ఎవరమ్మాయండీ?”

“గంపలగూడెం పుల్లయ్యగారి అమ్మాయండి,” అంది సరోజినీదేవి. “మా కోడలు.”